అక్క కత్తి, నల్లచేవ పిడి

జూలై పదిహేడున ఉదయం పదకొండు గంటలకు మా అక్క కత్తి పిడి రెండుగా పగిలింది. పగలడానికి కారణం నేను. తేదీలు రాసుకునే అలవాటున్నదాన్ని కాబట్టి ఇది కూడా డైరీలో రాసుకున్నాను. రాసుకున్నందువల్ల ఒరిగిందేమీ లేదు.

అక్కకు ఎనభై రెండు. నాకు డెబ్బై ఆరు. ఆవిడ తాడేపల్లిగూడెంలో కొడుకూ కోడలి దగ్గర ఉంటుంది. నేను ఏలూరు పవర్‌పేటలో ఒక్కదాన్నే ఉంటాను. ముప్పై మూడేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. అక్కకు నాలుగేళ్ళ నుంచి జ్ఞాపకం పోతోంది. మొదట పేర్లు పోయాయి, తరవాత వరసలు, ఆ తరవాత మనుషులే. ప్రతి సోమవారం ప్యాసింజరెక్కి వెళ్ళి ఎదురుగా కూర్చుంటే, "మీరెవరింటి నుంచి వచ్చారండీ?" అని మర్యాదగా అడుగుతుంది. కాఫీ ఇమ్మని కోడలికి చెబుతుంది. మర్యాద మాత్రం ఒక్క పిసరు తగ్గలేదు.

కానీ రోజుకు నలభై నిమిషాలు ఆవిడ మా అక్కే. ఉదయం తొమ్మిదింబావుకి కోడలు పీట వేసి, పళ్ళెంలో కూరగాయలు పెట్టి, ఆ కత్తి పక్కన ఉంచేది. అక్క కత్తి తీసుకుని చీర చెంగుతో అలుగు, అంటే కోసే రేకు, తుడిచేది. బొటనవేలు పిడి మీద తన చోట్లోకి వెళ్ళి కూర్చునేది. ఇక గోరుచిక్కుళ్ళు మూడేసి చొప్పున ఒద్దికగా పరుచుకుని తరిగేది. చెయ్యి నడుస్తున్నంతసేపూ మాట కూడా నడిచేది.

"చెల్లీ, నువ్వు తరిగితే ముక్కలన్నీ ఒకే సైజులో ఉంటాయి గానీ కూరకి రుచుండదే. స్కేలు పెట్టి కొలుస్తావా ఏంటి?"

"కొలవనక్కా."

"అబద్ధం. నీ సంచీలో టేపుంటుంది."

ఉంది. ఎప్పుడూ ఉంటుంది. అక్క నవ్వేది, కోడలు నవ్వేది. కూరగాయలు అయిపోయి కత్తి కింద పెట్టిన రెండు మూడు నిమిషాలకు ఆ ముఖం మెల్లగా మూసుకుపోయేది. ఎందుకలా జరుగుతుందని డాక్టరుగారిని అడిగితే, "చేతికి తెలిసింది తలకి తెలిసినదాని కన్నా ఆలస్యంగా పోతుందండీ" అన్నారు. అంటే కత్తి చేతిలో ఉన్నంతసేపే నేను ఆవిడకు చెల్లెల్ని. ఇంత తెలిసుండీ నేను చేసిన పని చెబుతున్నాను.

ముందు ఆ కత్తి సంగతి చెప్పాలి. అక్క మామగారు యానాంలో ఫ్రెంచివాళ్ళ కచేరీలో గుమాస్తాగా చేశారు. వాళ్ళు సామాను సర్దుకుని వెళ్ళిపోయేటప్పుడు ఒక దొరగారి ఇంట్లో వంటింటి వస్తువులు పంచిపెడితే ఈయన వంతుకు కత్తి వచ్చిందట. అప్పటికే అది పాతది. అలుగు మీద కొట్టిన ముద్ర సగం అరిగిపోయింది. అక్క అత్తగారు దాన్ని గడప దాటనివ్వలేదు. ఏ మాంసం కోశారో, ఏం పాడోనని ఆవిడ భయం. నెలరోజులు పసుపు పూసి పశువుల కొట్టంలో చూరుకి గుచ్చి ఉంచాకే లోపలికి రానిచ్చారు. ఇరవై రెండో ఏట అక్క చేతికి వచ్చింది. అప్పటి నుంచి అరవై ఏళ్ళు.

"ఫ్రెంచి దొరసాని మా ఇంట్లో మడి కట్టుకుందే" అనేది అక్క.

ఇంట్లో కత్తిపీట ఉండేది, ఆ తరవాత బజారులో రకరకాల కత్తులూ వచ్చాయి. ఆవిడ ఇంకోటి ముట్టుకునేది కాదు. ఆ కత్తి ఎన్నడూ తళతళలాడలేదు. ఇప్పటి స్టీలు కాదది. అరటికాయ కోస్తే నల్లబడేది, కంద కోస్తే ఇంకా నల్లబడేది. వాడి వాడి అలుగంతా కారుమబ్బు రంగు తేలింది. పిడి సరేసరి, మొదటి నుంచీ నలుపే. అక్క దాన్ని ఎప్పుడూ నీళ్ళలో ముంచలేదు. తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తుడిచి, వారానికోసారి చుక్క నువ్వులనూనె రాసేది.

ఆషాఢ బహుళ అష్టమి మా బావగారి ఆబ్దికం. ఈసారి జూలై పద్దెనిమిదిన వచ్చింది. సాయంగా ఉంటానని నేను పదిహేనునే వెళ్ళాను. పదహారు మధ్యాహ్నం వంటింటి సామానంతా దించి చింతపండు పెట్టి తోమించడం మొదలుపెట్టాను. ఇత్తడి గిన్నెలు పదకొండు, రాగి చెంబులు నాలుగు, గరిటెలు తొమ్మిది. అన్నీ మెరిశాక ఆ కత్తి ఒక్కటే నల్లగా మిగిలింది.

కోడలు అప్పుడే అంది. "దాన్ని తడపకండి పిన్నిగారూ. అత్తయ్యగారు ఎప్పుడూ తుడవడమేనండీ."

"ఎల్లుండే పితృకార్యం. ఈ నల్లకత్తితో తరిగి భోక్తలకి పెడతామా అమ్మాయ్?"

"ప్రతి ఏడూ దాంతోనే తరిగారండీ ఆవిడ."

"ప్రతి ఏడూ నేను లేను" అన్నాను.

ఈ మాట కూడా డైరీలో ఉంది.

బేసిన్లో చిక్కగా చింతపండు పులుసు పిసికి, కత్తిని పిడితో సహా అందులో పడుకోబెట్టాను. పిడి మీద జిడ్డు కూడా వదులుతుందనుకున్నాను. సాయంత్రం నాలుగింటికి పెట్టి, మర్నాడు ఉదయం ఆరింటికి తీశాను. పద్నాలుగు గంటలు. అలుగు తెల్లబడి, గోకినట్టు మచ్చలు మచ్చలుగా ఉంది. మడికి పనికిరావాలని మరిగే నీళ్ళు కూడా పోశాను. పిడి ఉబ్బి పట్టుకుంటే గరుకుగా తగిలింది. ఎండకి ఆరుతుందని డాబా మీద పెట్టాను. పదకొండింటికి వెళ్ళి చూస్తే పిడి నిలువునా విచ్చుకుని రెండు ముక్కలై పడివుంది. మధ్యలో తుప్పుపట్టిన సన్నటి ఇనపకడ్డీ ఒకటి బయటికి వచ్చింది. పిడి మెడ దగ్గర, అలుగు మొదలయ్యే చోట, గోరంత ముక్క ఎగిరిపోయింది. దాని కోసం డాబా అంతా వెతికాను, దొరకలేదు.

ఆబ్దికం నాడు వంటాయన తన కత్తిపీట తెచ్చుకుని తరిగాడు. తొమ్మిదింబావుకి అక్క వచ్చి పీట మీద కూర్చుంది. కోడలు కొత్త స్టీలు కత్తి పెట్టింది. అక్క దాన్ని చూడను కూడా చూడలేదు. అరటికాయలు నాలుగూ పళ్ళెంలో వరసగా సర్దింది. కుడిచెయ్యి నేలమీద చాపి, అరచేయి పైకి తిప్పి పెట్టుకుని కూర్చుంది. కత్తి వచ్చి ఆ చేతిలో పడుతుందన్నట్టు. పది గంటలకు కోడలు ఆవిడని మెల్లగా లేవదీసింది. మర్నాడూ అంతే. ఆ తరవాత రోజూ అంతేనని కోడలు ఫోన్లో చెప్పేది.

ఇరవయ్యో తారీకున పిడి ముక్కలూ అలుగూ గుడ్డలో చుట్టుకుని ఏలూరు తెచ్చేశాను. మా వీధి చివర వడ్రంగి నా పాత విద్యార్థి. యాభై దాటాయి అతనికి.

"లెక్కల్లో మీరు నాకు ఎనిమిది మార్కులేశారండీ మేడంగారూ. వందకి" అని గుర్తుచేశాడు, కుర్చీ తుడుస్తూ.

"తొమ్మిది" అన్నాను.

"తొమ్మిదైతే తొమ్మిదేనండీ, మీరు చెబితే తిరుగేముంది."

ఒక ముక్కని బకెట్లో వేశాడు. అది నేరుగా అడుగుకి వెళ్ళి కూర్చుంది. "చూశారాండీ, నీళ్ళలో మునిగే కర్ర. మన తునికి చేవ కూడా నల్లదే గానీ దీని బరువు రాదు. ఏ సముద్రం దాటొచ్చిందో" అన్నాడు. ముక్క తుడిచి వెలుతురుకి పెట్టి చూశాడు. పిడి ఒకే కర్ర, రెండు చెక్కలు కలిపి మేకులు కొట్టింది కాదు. మధ్యలో తొలిచి, ఆ బెజ్జంలోకి కత్తి తోకని, అంటే డాబా మీద నాకు కనిపించిన ఆ ఇనపకడ్డీని, దిగగొట్టారు. మేకుల పిడి అయితే చెక్కలు ఊడదీసి కొత్తవి వేసి మేకులు కొడితే సరిపోయేది. ఇది అలా కాదు.

ఇంటికి వచ్చి ఫోన్లో వెతికాను. ఒక ఫ్రెంచి ముసలాయన పాత వంటకత్తులు బాగుచేస్తున్న వీడియో దొరికింది. ఆయన మాట ఒక్కటీ తెలియదు, చేతులు తెలుస్తాయి. ఆపుతూ ఆపుతూ చూసి పదిహేడు మెట్లుగా కాగితం మీద దించుకున్నాను. అక్కడి పాత కత్తుల్లో రెండు రకాలున్నాయి. ఒకదానిలో అలుగు ఇనుమే పిడి వెడల్పున వెనక దాకా వస్తుంది. దానికి అటోచెక్క ఇటోచెక్క వేసి మూడు మేకులతో బిగిస్తారు. రెండోదానిలో ఇనుము మెడ దగ్గరే సన్నబడి ఎలకతోకలా అవుతుంది, అది కర్ర లోపల దాక్కుంటుంది. అక్కది రెండోది. ఎంత బాగుచేసినా అతుకు బయటికి కనిపించకూడదన్నట్టు ఆయన మెడ దగ్గర కర్రని ఆకురాయితో నెమ్మదిగా, ఎంతోసేపు రాస్తూ ఉన్నాడు.

పాత ముక్కలే అతికించమని వడ్రంగిని అడిగాను. పులుసులో నాని ఒక ముక్క వంపు తిరిగింది, రెండూ కలిపితే మధ్యలో మూడు మిల్లీమీటర్ల సందు. బంక పెట్టి రెండు రోజులు బిగించాడు. నా ముందే ఒక అరటికాయ కోసి చూపించాడు. మూడో కోతకి పిడి మళ్ళీ విచ్చుకుంది.

"కొత్తది చేస్తానండీ. నల్లతుమ్మ చేవ. పనిముట్లకి దాన్ని మించింది లేదు."

కొలతలన్నీ రాసిచ్చాను. పొడవు పదకొండు సెంటీమీటర్ల ఎనిమిది మిల్లీమీటర్లు. వెనకవైపు లావు, మెడవైపు సన్నం, పొట్ట దగ్గర కాస్త ఉబ్బు. కుడివైపు పైన, బొటనవేలు కూర్చునే చోట ఒక గుంట. లోతు రెండు మిల్లీమీటర్లు. కొత్తదానికి కూడా ఆ గుంట అలాగే రావాలని చెప్పాను.

అతను ఆ గుంటలో తన వేలు పెట్టి చూసి తీసేశాడు. "ఇది చెక్కింది కాదండీ మేడంగారూ, అరిగింది. పొడవూ లావూ అయితే మీరు చెప్పినట్టు దింపుతాను. అరవై ఏళ్ళు నేనెక్కడి నుంచి తేనండీ?"

"ప్రయత్నించు."

"ప్రయత్నిస్తానండీ. తొమ్మిది మార్కులోడిని, ఆశ పెట్టుకోకండి."

చేశాడు పాపం. చాలా శ్రద్ధగా చేశాడు. తూకం వేశాను, పాత ముక్కలు నలభై ఎనిమిది గ్రాములు, కొత్త పిడి ముప్పై ఏడు. పదకొండు గ్రాములు తక్కువ. తోక బిగించడం మాత్రం తన వల్ల కాదన్నాడు. "కలిదిండి అవతల ఒకాయన ఉన్నాడండీ. చేపల షెడ్లకి కత్తులు చేస్తాడు. అతనైతే ఇనుము మాట వింటాడు."

ఆగస్టు ఆరున కైకలూరు బస్సెక్కి, అక్కడి నుంచి కలిదిండి బస్సు మారి, ఆటోలో వెళ్ళాను. దారికి రెండు వైపులా చెరువులే, మధ్యలో గట్లు. చెరువుల్లో చక్రాలు తిరుగుతూ నీళ్ళు చిమ్ముతున్నాయి. కొలిమి ఒక షెడ్డు పక్కన ఉంది. ఐసు పెట్టెల్లో చేపలు సర్దే ఆడవాళ్ళు నన్ను చూసి, నా చేతిలో మూటని చూసి నవ్వుకున్నారు.

"బొచ్చె కొయ్యడానికా అమ్మగారూ?" అంది ఒకామె.

"అరటికాయ కొయ్యడానికి" అన్నాను. మళ్ళీ నవ్వారు.

కమ్మరాయన అలుగుని గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. నన్ను కూడా వినమన్నాడు. సన్నటి మోత, చాలాసేపు ఆగలేదు. "మేం లారీ కమానుపట్టాతో చేస్తామండి. మాది ఇలా పాడదు" అన్నాడు. తరవాత మెడ దగ్గర ఉన్న లావాటి ఇనప కట్టుని చూపించాడు. "ఇది అతికింది అనుకుంటారండి అందరూ. కాదు. ఒకే ముక్క. ఎర్రగా కాల్చి ఇటు అలుగు లాగారు, అటు తోక లాగారు, మధ్యలో ఇంత మందం కదలకుండా వదిలేశారు. చెయ్యి జారి వేళ్ళు తెగకుండాను, బరువు మధ్యకి రావడానికీను. వెన్ను చూడండి, ఇక్కడ లావు, కొసకి వచ్చేసరికి కాయితం. ఎన్ని దెబ్బలు కొట్టాడో మహానుభావుడు."

నేను కొలిచాను. మెడ దగ్గర నాలుగు మిల్లీమీటర్లు, కొస దగ్గర ఒకటికి తక్కువ.

"అమ్మగారు తోక కూడా కొలుస్తారాండీ?"

"కొలుస్తాను." ఎనిమిది సెంటీమీటర్ల రెండు మిల్లీమీటర్లు ఉంది. అతను తుప్పు గీకేసరికి చివర సెంటీమీటరున్నర పొడిపొడిగా రాలిపోయింది.

జరిగిందంతా అతనికి ముందే చెప్పాను. నా ముఖం చూసి అన్నాడు. "ఇది మీ పులుసుతో వచ్చిన తుప్పు ఒక్కటే కాదండి. మెడ సందులోంచి ఎన్నో ఏళ్ళుగా కొద్దికొద్దిగా చెమ్మ దిగింది. లోపల గుగ్గిలం పోసి బిగించారు, అది ఎండి విరిగిపోయింది. ఎప్పుడో ఒకప్పుడు ఊడేదే."

"ఎప్పుడో ఒకప్పుడంటే?"

"అది చెప్పలేమండి. నానకపోతే మాత్రం ఇంకొన్నేళ్ళు లాగేది."

ఆ మాటతో నాకు ఊరట కలగలేదు. అక్కకి కావలసింది ఆ కొన్నేళ్ళే.

అలుగు చుట్టూ తడిగోనె చుట్టాడు. తోకకి వేడి పెడితే ఆ వేడి పాకి అలుగు మెత్తబడుతుందట, పదును నిలవదట. తోక ఎర్రబడ్డాక తుమ్మపిడి బెజ్జంలోకి దింపాడు. కర్ర కాలి పొగ వచ్చింది. బయటికి తీసి, కరిగించిన గుగ్గిలంలో ఇటికపొడి కలిపి పోసి, మళ్ళీ దింపి, దాగలి దిమ్మ మీద పిడి అడుగుని మూడుసార్లు తట్టాడు. నా కాగితంలో ఆ ఫ్రెంచి ముసలాయన చేసిన పన్నెండో మెట్టూ, పదమూడో మెట్టూ సరిగ్గా ఇవే. కలిదిండి అవతల ఈయనకి ఎవరు చెప్పారో.

"చల్లారాక ఏనుగు లాగినా రాదండి. తడి మాత్రం పెట్టకండి."

"పెట్టను."

ఆగస్టు పదకొండు, సోమవారం. పిడి పగిలిన ఇరవై అయిదో రోజు. తొమ్మిదింబావుకి కోడలు పీట వేసింది. పళ్ళెంలో గోరుచిక్కుళ్ళు పెట్టింది, అక్కకి ఇష్టం. కత్తి పక్కన ఉంచాను. అలుగు మీద మళ్ళీ మసకరంగు తేవాలని ముందు రోజు రెండు అరటికాయలు కోసి ఉంచాను. ఎదురుగా కూర్చున్నాను. కోడలు గుమ్మంలో నిలబడింది.

అక్క కత్తిని చూసింది. చెయ్యి చాపి తీసుకుంది. చీర చెంగుతో అలుగు తుడిచింది, ఇటొకసారి, అటొకసారి, ఎప్పట్లాగే. కోడలు నా వైపు చూసింది.

అక్క బొటనవేలు పిడి మీదకి వెళ్ళింది. గుంట దగ్గరికి వెళ్ళి, దాటి, వెనక్కి వచ్చింది. వడ్రంగి చెక్కిన చోట ఆగింది, మళ్ళీ కదిలింది. అటూ ఇటూ వెతికింది. పిడి తిప్పి చూసింది. పదకొండు గ్రాములు తక్కువగా ఉన్న కత్తిని అరచేతిలో ఒకసారి ఎగరేసినట్టు తూచింది. ముఖంలో కోపం లేదు, దిగులు కూడా లేదు. పొరపాటున వేరేవాళ్ళ చెప్పుల్లో కాలు పెట్టినప్పుడు మనం వెనక్కి తీసుకుంటామే, అలా వేలు తీసేసింది.

కత్తి చేతికి చేతికి ఇవ్వకూడదని మా అమ్మ నేర్పింది ఇద్దరికీ. అది ఆవిడకి ఇంకా గుర్తుంది. కత్తిని నేలమీద పెట్టి, పిడి నా వైపుకి తిప్పి, నెమ్మదిగా జరిపింది.

"మీదేనాండీ? తీసుకోండి. బాగా పదునుగా ఉంది, జాగ్రత్త."

"నాదే అక్కా" అన్నాను.

"ఈవిడకి కాఫీ ఇయ్యమ్మా" అంది కోడలితో.

కోడలు లోపలికి వెళ్ళిపోయింది. స్టవ్ వెలిగించిన చప్పుడు చాలాసేపు రాలేదు. వచ్చాక గ్లాసు నా చేతికిచ్చి, "వేడిగా ఉంది పిన్నిగారూ" అంది అంతే. తడపకండి అని తను చెప్పిన మాట ఇప్పటిదాకా ఎత్తలేదు. ఎత్తితే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆ సాయంత్రం రైల్లో లెక్క వేశాను. రోజుకు నలభై నిమిషాలు, ఏడాదికి మూడు వందల అరవై అయిదు రోజులు, అరవై ఏళ్ళు. పద్నాలుగు వేల ఆరు వందల గంటలు. ఆ గుంట అంత పని. వడ్రంగి చెక్కిన గుంటకి అంచులున్నాయి, అక్క గుంటకి అంచుల్లేవు. నూనె రాసి నేనే నా వేలితో రోజుకు రెండు గంటలు రుద్దితే ఇరవై ఏళ్ళు పడుతుంది. నాకు తొంభై ఆరు వస్తాయి, ఆవిడకి నూట రెండు. పైగా నా వేలు ఆవిడ వేలు కాదు. లెక్క రెండోసారి కూడా చేశాను. తప్పు లేదు.

పాత పిడి ముక్కలు రెండూ కోడలి దగ్గర పెట్టాను. ఒకసారి గుంట ఉన్న ముక్క అక్క చేతికిచ్చి చూసిందట. బొటనవేలు వెంటనే దాని చోట్లో కూర్చుందట. అలుగు కోసం కిందికి చూసుకుందట. లేదు. అలాగే పట్టుకుని కూర్చుందట. ఇక ఇవ్వకమ్మా అని చెప్పాను.

సోమవారాలు మాత్రం మానలేదు. తొమ్మిదింబావుకి ఆవిడ పీట పక్కన నేనొక పీట వేసుకుని ఆ కత్తితో నేనే తరుగుతున్నాను. అక్క చూస్తూ ఉంటుంది. కుడిచెయ్యి నేలమీద, అరచేయి పైకే ఉంటుంది. టేపు సంచీలోంచి తీసి ఏలూరులోనే వదిలేసి వస్తున్నాను. ముక్కలు ఒక్కొక్కటి ఒక్కో సైజులో వస్తున్నాయి. ఆవిడేమైనా అంటుందేమోనని చూస్తాను.

నిన్న అంది.

"మీరు చాలా బాగా తరుగుతారండీ."